ఛార్జ్ కదిలితే చాలదు, దాని వేగం మారాలి

"తీగలో ఎలక్ట్రాన్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కదా, మరి ఛార్జ్ ఎప్పుడు విద్యుదయస్కాంత తరంగాలను ఇస్తుంది?" అని ఒకరు నన్ను అడిగారు. వేగం పెరిగినప్పుడు, తగ్గినప్పుడు, దిశ మారినప్పుడు. కదలని ఛార్జ్ ఇవ్వదు. శూన్యంలో ఒకే వేగంతో తిన్నగా పోయేదీ ఇవ్వదు. ఇంటర్ పిల్లలకు ఇదంతా నోటికి వచ్చు, కానీ నమ్మకం కుదరదు, ఎందుకంటే వాళ్ళకు ఎవరూ చూపించరు.

నేను కావలిలో ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఒక అమ్మాయి ఇదే ప్రశ్న వేస్తే, మా నాన్న వాడిన ట్రాన్సిస్టర్ రేడియో తెచ్చి, మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి సౌండ్ పెంచాను. దాని పక్కనే ఒక సెల్, కాస్త వైరు, పాతకాలం ఫిలమెంట్ టార్చ్ బల్బు. వైరు కొస సెల్‌కి ఆనించగానే రేడియోలో టక్‌మంది. అలాగే పట్టుకుంటే బల్బు వెలుగుతూనే ఉంది, రేడియోలో మాత్రం మామూలు గుసగుసే. వైరు తీస్తే మళ్ళీ టక్. ఈసారి మధ్యలో ఆకురాయి కలిపి, వైరు కొసతో దాని పళ్ళ మీద గీశాను. గీసినంతసేపూ గరగర!

"అంటించినప్పుడు, తీసినప్పుడే గదా సార్ అరస్తా ఉండేది" అంది. కరెంటు మొదలయ్యేదీ ఆగేదీ, అంటే ఛార్జుల వేగం మారేదీ, అప్పుడే మరి. వెంటనే, "మరి బల్బు వెలుగు కూడా తరంగమే గదా, అది ఆగకుండా వస్తా ఉందే?" అంది. అదీ ప్రశ్నంటే! ఫిలమెంటు వేడికి అందులోని ఛార్జులు ఊగిపోతుంటాయి. ప్రతి ఊపులోనూ వేగం మారుతుంది కాబట్టి వెలుగు వస్తూనే ఉంటుంది. ఆ ఊపు మీడియం వేవ్ కంటే కోట్ల రెట్లు వేగం, రేడియోకి అందదు.

1887లో జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ స్పార్కులతో చేసి చూపించింది ఈ కోవలోదే. ఇంత తేలిక ప్రయోగాన్ని మా జిల్లాలో నాకు తెలిసిన కాలేజీలు ఒక్కసారైనా చేయించవు. పక్కవాడి రీడింగులు రికార్డులోకి ఎక్కిస్తే ప్రాక్టికల్ మార్కులు వచ్చేస్తాయి. అది చూస్తే నాకు కడుపు మండుతుంది.

కృష్ణపట్నం వైపు నుంచి పొలాల మీదుగా పోయే హైటెన్షన్ లైన్ల రేడియేషన్ గురించి రైతులు కూడా నన్ను అడుగుతుంటారు. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) కరెంటు తరంగం పొడవు 6,000 కిలోమీటర్లు. దాని ముందు ఆ లైను చాలా పొట్టిది కాబట్టి తరంగాలను బాగా పంపలేదు, పైగా మూడు ఫేజులూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. తరంగంగా బయటికి పోయేది లెక్కలోకి రాదు. సముద్రపు ఉప్పు పేరుకున్న ఇన్సులేటర్లు తేమకు చిటపటలాడితే మాత్రం, రోడ్డు మీద నుంచే రేడియోలో గరగర వినిపిస్తుంది.

మీరూ చేసి చూడండి, సెల్‌తోనే, ఇంటి కరెంటుతో వద్దు. ఫోన్‌లోని ఎఫ్‌ఎం పనికిరాదు, ఇలాంటి టక్కులను చాలావరకు అణిచేస్తుంది. మీడియం వేవ్ ఉన్న సెట్టే కావాలి.