కరువు పాఠం చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

ఎనిమిదో తరగతికి బ్రిటిషోళ్ల కాలం కరువుల గురించి రెండు పీరియడ్లల్ల చెప్పాలె, పుస్తకంల అర పేజీనే ఉన్నది, ఎట్ల చెప్పాలె పెద్దనాయినా అని అడిగినవ్. రిటైరైన సోషల్ సారును అడిగినవ్ గనుక జవాబు పొడుగ్గానే ఉంటది, ఓపిక పట్టు.

వానతోని మొదలుపెట్టకు. వానలు పడలే, పంటలు ఎండినయ్, జనం చనిపోయిండ్రు అని బోర్డు మీద వరుసగ రాస్తే పాఠం అక్కడ్నే అయిపోతది. దేవరకొండ దిక్కు పిల్లలకు వాన పడకపోవుడు కొత్త ముచ్చటనా? వాన ఎగ్గొట్టిన ఏడాదులు ఎన్నో వచ్చినయ్, పోయినయ్. మరి 1876ల మొదలైన ధాత కరువుల మాత్రం లక్షలమంది ఎందుకు పోయిండ్రు? అక్కడి నుంచి మొదలుపెట్టు.

ముందుగాల ఒక కూలి మనిషి లెక్క వేయించు. రోజు కూలిల సగం జొన్నలకే పోతదనుకోమను. ఇప్పుడు జొన్నల ధర మూడింతలయింది, కూలి పెరగలే. చేన్లు ఎండినయి గనుక పని దొరికే రోజులు సగమైనయ్. ఇగ ఆ ఇంట్ల ఐదుగురు ఏం తింటరు? ఇది ఊహ లెక్కనేనని పిల్లలకు ముందే చెప్పు. అంగట్ల గింజలు ఉండంగనే మనిషి ఆకలికి పడిపోవచ్చని వాళ్లంతల వాళ్లే పట్టుకుంటరు. సాలోళ్ల సంగతి కూడా అడుగు. తిండికే పైసలు లేనోడు చీరె కొంటడా? అందుకే కరువు చేనుకాడ మొదలైనా మగ్గం దాకా తొందరగ వస్తది. మద్రాసు ప్రెసిడెన్సీల, అంటే బ్రిటిషోళ్లు నేరుగ ఏలిన దక్షిణాది ఇలాకాల, నేతగాళ్లు ఆ రెండేండ్లు దినదిన గండంగ బతికిండ్రు.

తర్వాత రైలు సంగతికి రా. 1871ల మద్రాసు లైను రాయచూరు దాకా వచ్చింది. 1874ల వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాదుకు ఇంకో లైను పడ్డది. రైలు ఉంటే కరువు ప్రాంతానికి గింజలు చేరుతయి అన్నరు. చేరినయి కూడా, కాదనను. కానీ అదే రైలు ఎక్కడ ధర ఎక్కువుంటే అక్కడికి గింజను గుంజుకపోయింది. పంట బాగున్న ఊళ్లల్ల కూడా ధరలు లేచినయ్. వైస్రాయి లిట్టన్ మాత్రం వ్యాపారంల సర్కారు వేలు పెట్టొద్దు, ధరలు వాటంతట అవే సర్దుకుంటయని పట్టుబట్టిండు. 1877 జనవరి 1న ఢిల్లీల విక్టోరియాను చక్రవర్తినిగ ప్రకటించే దర్బారు జరుగుతుంటే ఇక్కడ దక్షిణాన జనం రోడ్ల మీద పడిపోతున్నరు. ఆ కరువు కాలంలనే ఇంగ్లండుకు 3 లక్షల 20 వేల టన్నుల దాకా గోధుమలు ఓడలెక్కినయ్. మనోళ్లు తినేది జొన్నలు, రాగులు గదా సార్ అని ఎవడన్న లేస్తడు. లేవనియ్. ఆకలైనోడు గోధుమలొద్దంటడా అని అడుగు, చాలు.

నీ తరగతిల తండా పిల్లలు ఎక్కువ గదా, ఈ ముచ్చట వాళ్లది. రైలుకు ముందు దక్కనుల ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసింది లంబాడోళ్లే. ఫౌజులకు కూడా వాళ్లే తిండి చేరేసిండ్రు. బండ్ల రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ బతుకుదెరువు పోయింది. పుస్తకంల ఒక్క వాక్యం లేదు. నువ్వు పది నిమిషాలు ఇయ్యి.

రెండో పీరియడుకు ఒక తక్కెడ, కొన్ని జొన్నలు తీసుకపో. రిచర్డ్ టెంపుల్ అనే దొరను లిట్టన్ మద్రాసుకు పంపిండు. అతనే 1867ల హైదరాబాదుల రెసిడెంటుగ కూడా ఉండె. 1874ల బీహారుల కరువొస్తే ఈ టెంపులే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడిండు. మెచ్చుకున్నరా? ఖర్చు ఎక్కువైందని పైనుంచి తిట్లు పడ్డయి. ఆ దెబ్బకు మద్రాసుల చెయ్యి బిగపట్టిండు. రోడ్డు పనికి, రాళ్ల పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆడోళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. తక్కెడల తూచి ఒక్కో పిల్లకు చేతిల పెట్టు.

ఇక్కడ ఒక చిక్కున్నది, ముందే తయారుగ ఉండు. తెలివైన పిల్ల ఒకతి లెక్క కట్టి, మా రేషన్ బియ్యం నెలకు మనిషికి ఆరు కిలోలే, రోజుకు 200 గ్రాములే పడ్తది, వాళ్లకు ఎక్కువే ఇచ్చిండ్రు గదా అంటది. గదమాయించకు. రేషనుతోని పాటు ఇంట్ల ఇంకేం తింటరో ఆమెనే చెప్పమను. పప్పు, కూర, నూనె, బడిల మధ్యాహ్న భోజనం. 1877 కూలికి ఆ పౌనే తిండి, పొద్దంత మట్టి మోసే పని, మిగతావన్నీ మండే ధరల మీద ఆ అణాతోనే కొనాలె. ఇది చాలదని మద్రాసుల జనం ఆరోగ్యం చూసే సానిటరీ కమిషనర్ కార్నిష్ అప్పుడే కొట్లాడిండు. కనీసం పౌనున్నర గింజలు, దానికి తోడు పప్పులు, కూరగాయలు ఉండాలన్నడు. కొన్ని నెలలకు మద్రాసు సర్కారు కొంత పెంచింది కూడా. దొరలంతా ఒక్కతీరు లేరని పిల్లలకు తెలిసేది ఇక్కడ్నే.

కావాలని చంపిండ్రా సార్ అని తప్పకుండ అడుగుతరు. నా మాట చెప్తున్న. మనసుల ఏమున్నదో తేల్చే పని మనది కాదు. ఏం చెయ్యగలిగి చెయ్యలేదో చూపియ్యి. బీహారుల చేసింది మద్రాసుల ఎందుకు చెయ్యలే అన్నదే గట్టి ప్రశ్న.

ఆ ఫోటోలు మాత్రం మొదలే చూపియ్యకు. ఎముకల గూళ్ల లెక్క కూసున్న మనుషుల ఫోటోలు నెట్టుల దొరుకుతయి, హూపర్ అనే సైనికాధికారి తీసినవి. అవి చూస్తే పిల్లలు ఏడుస్తరు, లేకుంటే నవ్వుతరు. రెండైనా లెక్క మర్చిపోతరు.

ఇంకో జాగ్రత్త. మన జిల్లాను బ్రిటిషోళ్లు ఏలిండ్రని నోరుజారకు. నల్లగొండ, పాలమూరు నిజాం రాజ్యంల ఉండె, 1877ల దివాను సాలార్జంగ్. తుంగభద్ర అవతలి కర్నూలు మాత్రం మద్రాసు కింద. నది దాటినంత మాత్రాన కరువు ఆగలే, మన దిక్కూ వచ్చింది. కానీ పైన చెప్పిన టెంపుల్ కూలి లెక్క అవతలిది. మన లెక్క వేరే ఉన్నది, అది రెండో ప్రపంచ యుద్ధం నాటి లెవీ. నిజాం సర్కారు రైతుల దగ్గర ధాన్యం వసూలు చేసింది. ఊళ్లల్ల భూస్వామి దొరల గరిసెల జోలికి పోలే, చిన్న రైతు కల్లంల మాత్రం ఊడ్చుకపోయింది. అటెన్క అదే రైతు తిండికి నాగు, అంటే వడ్డీకి గింజలు, తెచ్చుకోవాలె, పుట్టికి పుట్టిన్నర కట్టాలె. తెలంగాణ సాయుధ పోరాటం లేవడానికి వెట్టితోని పాటు ఈ లెవీ కూడా ఒక కారణం. అదే యుద్ధకాలంల, 1943ల, బెంగాల్ల దాదాపు 30 లక్షలమంది చనిపోయిండ్రు. కరువొస్తే సర్కారు ఏం చెయ్యాలో చెప్తూ 1880ల దశకంల రాసిన ఫామిన్ కోడ్ చేతిల ఉండంగనే అక్కడ సర్కారు కరువని ప్రకటించలే. ప్రకటిస్తే పని చూపియ్యాలె, తిండి పెట్టాలె. బెంగాల్ మీద ఇంతకన్నా సాగదియ్యకు, టైం సరిపోదు.

మృతుల సంఖ్య అడిగితే 1876–78ల బ్రిటిష్ ఇలాకాలనే 55 లక్షల దాకా అన్నది ఒక అంచనా, ఇంకా ఎక్కువ చెప్పేటోళ్లూ ఉన్నరని చెప్పు. కరువు జ్వరం, కలరా చావులను కలిపేది, కలపనిది బట్టి అంకె మారుతది.

మీ అమ్మానాయినలు వలస పోయిండ్రా అని పిల్లలను నిలబెట్టి అడగకు. ఎవరన్న వాళ్లంతల వాళ్లు చెప్తే విను, నోట్సుల రాయించకు.

1956కు ముందటి హైదరాబాదు రాజ్యం మ్యాపు గోడకు పెట్టు. అలంపూరు, గద్వాల అప్పుడు రాయచూరు జిల్లాల ఉండె, ఇప్పటి మ్యాపు పెడితే అంతా తారుమారైతది. మీ బడిల లేకుంటే నా బీరువాల ఒకటున్నది. కొంచెం చెదలు పట్టింది గానీ నదులు కనబడ్తయి. దసరాకు వచ్చినప్పుడు తీసుకపో, మళ్ల తెచ్చియ్యాలె.

మీ పెద్దనాయిన,
నల్లగొండ