ప్లగ్ పెట్టకముందు ఇది చదువు చిన్నీ

చిన్నీ,

అటక మీది తాతయ్య పాత 386 కంప్యూటర్‌ని దించావని, నువ్వే బాగుచేస్తానని పట్టుబట్టావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో, అప్పట్నుంచీ అంత టెన్షన్‌గానూ ఉంది. ఇంకా ప్లగ్ పెట్టలేదు కదా? పెట్టకు.

దుమ్ము బ్రష్‌తో దులుపు. కార్డులు, ర్యామ్ తీసి కాంటాక్టులు ఎరేజర్‌తో రుద్ది మళ్లీ బిగించు. కీబోర్డు సాకెట్ దగ్గర పీపాలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, ఇన్నేళ్లకి అది కారే ఉంటుంది. చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తే బ్యాటరీ తీసేసి, ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి తుడువు, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. కారేది క్షారం, రాగి గీతల్ని తినేస్తుంది.

ఇక అసలు సంగతి. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు వస్తాయి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా దూరిపోతాయి. నల్ల వైర్లు నాలుగూ మధ్యలో పక్కపక్కనే రావాలి.

1994లో, పనిలో చేరిన రెండో నెల, ఒక ఎరువుల కొట్టు కంప్యూటర్ బాగుచేస్తున్నాను. రాత్రి తొమ్మిదయింది, ఓనర్ షట్టర్ దగ్గర తాళాలు పట్టుకుని నిలబడ్డాడు, నాకేమో ఆఖరి బస్సు వెళ్లిపోతుందని కంగారు, ఆ రెండు కనెక్టర్లూ చూడకుండా తోసేసి స్విచ్ వేశాను. టిక్కుమంది, కాలిన వాసన వచ్చింది, అంతే. ఆ బోర్డు ఖరీదు నా నాలుగు నెలల జీతం. ఇంటికొచ్చి అన్నం తినలేదు, ఎవరికీ చెప్పలేదు. నాన్నే రెండో రోజు కూపీ లాగి, తిట్టకుండా నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకెళ్లి, "మావాడి చేతిలో పోయింది, మేమే కొత్తది పెట్టిస్తాం" అన్నారు. వాయిదాల్లో కట్టాం. మరుసటి ఏడు సెకండ్ హ్యాండ్‌లో ఈ 386 కొన్నది కూడా ఆయనే, నాచేతే బిగింపించారు. బిగిస్తుంటే పక్కన కూర్చుని, "నల్లవి మధ్యకొచ్చాయా?" అని రెండుసార్లు అడిగారు.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు. కంప్యూటర్ ముందువైపు పవర్ బటన్‌కి వెళ్లే లావు వైర్లలో ఉండేది నేరుగా గోడలోంచి వచ్చే 230 వోల్టులే. ఎనిమిదేళ్లప్పుడే ఇస్త్రీపెట్టె విప్పినదానివి, నీ మొండితనం నాకు తెలియదా? నీకేమైనా అయితే అక్కకి నేనేం చెప్పుకోను తల్లీ.

శనివారం వస్తున్నాను. ముందు బోర్డు లేకుండా పవర్ సప్లైకి ఒక పాత హార్డ్ డిస్క్‌ని లోడ్‌గా, అంటే కరెంటు లాగేందుకు, తగిలించి ఎర్ర వైరు మీద 5, పసుపు మీద 12 వోల్టులు వస్తున్నాయో లేదో ఇద్దరం చూద్దాం; ఆ డిస్క్ నేనే తెస్తాను, 386లో ఉన్నదానికి చెయ్యి పెట్టకు, దాన్లో నాన్న పొలం లెక్కలున్నాయి. ఆ తర్వాత పీ8, పీ9 నువ్వే పెడుదువుగాని, నేను పక్కన కూర్చుంటాను.

మావయ్య