వాగు పురుగుల మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. వాగులు ఎండిపోతే అందులోని చిన్న చిన్న పురుగులు ఏమవుతాయో పరిశోధన చేస్తానంటోంది. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా అని మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, తను ఎంచుకున్నది చిన్న విషయమేమీ కాదు. ప్రపంచంలోని నదులు, వాగుల మొత్తం పొడవులో సగానికి పైగా ఏడాదికి ఒక్క రోజైనా పారకుండా ఆగిపోతాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

వాగు ఒక్కసారిగా ఎండదు. ముందు రాళ్ల మీద గలగలా పారే చోట నీరు ఆగుతుంది. పారే నీటిలోని ఆక్సిజన్ మీదే బతికే స్టోన్‌ఫ్లై, మేఫ్లై అనే కీటకాల పిల్లపురుగులకు మొదటి దెబ్బ తగులుతుంది. తర్వాత మిగిలిన మడుగులు వేడెక్కుతాయి. ఆ ఇరుకులో తూనీగ లార్వాలకు వేట సులువవుతుంది. మడుగూ ఇంకిపోయాక అంతా చచ్చిపోయిందనుకుంటాం. కానీ ఎండిన వాగులో చెలమ తీస్తే నీరు ఊరుతుంది కదా, ఇసుక అడుగున ఉన్న ఆ తడిలోకి కొన్ని జీవులు ముందే దిగిపోయి ఉంటాయి. కొన్ని నత్తలు గుల్ల నోరు మూసుకుని ఓపిక పడతాయి. కొన్ని జాతులు గుడ్ల రూపంలో గడిపేస్తాయి. నీళ్లు వచ్చాక ఎగువ నుంచి కొట్టుకొచ్చేవి కొన్ని, ఎగిరొచ్చి గుడ్లు పెట్టేవి కొన్ని. ఎగువ కూడా ఎండిపోతే, లేదా ఎండు కాలం మరీ సాగితే, కొన్ని ఇక తిరిగి రావు. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో చూసి ఆ వాగు పరిస్థితి చెప్పగలగడమే ఈ చదువు.

ఆ పని నీటి నాణ్యతను పరిశీలించే విభాగాలకు, ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే సంస్థలకు, ఆనకట్ట దిగువకు ఎంత నీరు వదలాలో తేల్చేవాళ్లకు కావాలి. పరిశోధన, బోధన ఎలాగూ ఉన్నాయి. అయితే అచ్చంగా ఈ ఒక్క అంశం పేరుతో పోస్టులు తక్కువే, అది దాచను. అందుకే ఎమ్మెస్సీలోనే స్టాటిస్టిక్స్, డేటా విశ్లేషణకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోమనండి. డీఎన్‌ఏతో జాతులను గుర్తించే పద్ధతి కూడా తెలిస్తే దారులు పెరుగుతాయి. పురుగును కళ్లతో చూసి గుర్తుపట్టే నేర్పు మాత్రం వదలకూడదు, అది ఉన్నవాళ్లు అరుదు.

అడ్మిషన్‌కు ముందు ఒక పని చేయించండి. ఎవరైనా అధ్యాపకుల వెంట వాగుకు వెళ్లి, వలతో పట్టిన నమూనాను తెల్లటి ట్రేలో పోసుకుని కూర్చోమనండి. కుళ్లిన ఆకుల మధ్య మేఫ్లై పిల్లపురుగు పొట్ట పక్కల మొప్పలు చకచకా ఆడిస్తూ కనిపిస్తుంది. ఇసుక రేణువులను పట్టుదారంతో అతికించి గొట్టం కట్టుకున్న కాడిస్‌ఫ్లై పిల్లపురుగు పాకుతుంది. అవి చూడటం అందరికీ బాగుంటుంది. ఆ తర్వాత గంటల తరబడి ఒక్కొక్కటీ ఏరి, లెక్కపెట్టి, నోట్ చేసుకోవాలి. నాలుగైదు సార్లు అలా కూర్చున్నాక కూడా మళ్లీ వెళ్తానంటే, నిశ్చింతగా పంపండి.