గర్భనిరోధక సూదితో హాని: పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మా వదినె ప్రైవేటు దవాఖానలో నాలుగేండ్లు పిల్లలు కాకుండా సూది వేయించుకుంది. ఇప్పుడు తలలో మెనింజియోమా (మెదడు పొరల్లో వచ్చే) గడ్డ ఉందన్నారు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: వేయొచ్చు, కాగితాలుంటే. అది మూడు నెలలకోసారి ఇచ్చే 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ అనే హార్మోన్ సూది అయితే, ఏడాదికి మించి వాడినవాళ్లలో ఈ గడ్డ ముప్పు దాదాపు 5.6 రెట్లని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం చెప్పింది. గడ్డ మాత్రం అరుదే. అమెరికాలో ఈ మందు కంపెనీపై నడుస్తున్న దావాలు మీకు అక్కరకు రావు. మీ దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. హెచ్చరించకుండా మందు అమ్మినా అందులో బాధ్యత ఉంది.

ముందు దవాఖానకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రికార్డులు అడగండి. డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలి. సూది కార్డు మీద తేదీలుండి బ్యాచ్ నంబరు లేకపోతే, 'అది మా మందే అనేందుకు రుజువేది?' అంటుంది కంపెనీ. కేసు జారిపోయేది అక్కడే. మందుల షాపు బిల్లు దొరికితే బంగారమే. ఎమ్మారై రిపోర్టుతోపాటు ఫిల్మూ దాచండి. న్యూరోసర్జన్ అభిప్రాయం రాయించుకోండి.

ఫిర్యాదు వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, రెండేళ్లలోపు. సూదికి మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలుకు పైసల్లేకుంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, ఆడవాళ్లకు న్యాయ సహాయం ఉచితం. సర్కారు దవాఖానలో 'అంతర' అనే గర్భనిరోధక సూది పథకం కింద ఉచితంగా వేయించుకుని ఉంటే కమిషన్ కుదరదు, సివిల్ కోర్టే.

నెలసరి తప్పడం, సూది ఆపాక గర్భం ఆలస్యం కావడం ముందే చెప్పి సంతకం తీసుకుని ఉంటే, వాటి మీద పరిహారం ఆశించకండి.