కన్నబిడ్డ ఆకలి తీర్చడానికి దొంగిలించినా నేరమేనా?

నేరమే, ఆకలితో ఉన్న కొడుకు కోసం తండ్రి బ్రెడ్ దొంగిలించినా మన చట్టం దాన్ని దొంగతనంగానే చూస్తుంది. ఎందుకు తీశాడన్నది కాదు, తనది కాదని తెలిసీ యజమాని ఒప్పుకోకుండా తీసుకున్నాడా అన్నదే ముఖ్యం. అతని కష్టం శిక్ష వేసేటప్పుడు లెక్కలోకి రావచ్చు.

ఉదాహరణకు, చొక్కా కింద బ్రెడ్డూ పాల ప్యాకెట్టూ దాచుకుని కిరాణా కొట్లో దొరికిపోయాడనుకోండి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలినవాడు ఆ విలువ తిరిగిచ్చేస్తే జైలు ఉండదు, సమాజ సేవే శిక్ష. నిజంగా మంచి మార్పు ఇది.

పిల్లాడి చేత తీయిస్తే కేసుండదని చాలామంది అనుకుంటారు. ఏడేళ్ల లోపు పిల్లాడు చేసింది నేరం కాదు గానీ, చేయించిన తండ్రి తప్పించుకోలేడు.