ఆనకట్ట, కరకట్ట ఒకటేనా?

సందేహం: మాది కోనసీమలో అయినవిల్లి దగ్గర పల్లె. 1986 వరదల మీద వ్యాసం రాస్తూ మా అబ్బాయి ‘ఆనకట్ట తెగి ఊళ్లు మునిగాయి’ అన్నాడు. మాస్టారు దాన్ని కొట్టేసి ‘కరకట్ట’ అని దిద్దారు. మా నాన్నగారేమో ‘రెండూ కాదు, ఏటిగట్టు’ అంటున్నారు. అన్నీ కట్టలే కదండీ, ఏది రాస్తే ఏం?

సమాధానం: మాస్టారు దిద్దింది సరే. మీ నాన్నగారి మాట ఇంకా సరే. పొరబడింది అబ్బాయి ఒక్కడే, అదీ ‘కట్ట’ చేసిన తికమక వల్ల. అర్థం తేడా అంతా దాని ముందున్న మాటలో ఉంది. ‘కర’ అంటే ఒడ్డు. మలయాళంలో ఇప్పటికీ ఒడ్డును కర అనే అంటారు, తమిళంలో కరై. కాబట్టి కరకట్ట ఒడ్డు వెంబడి, నది పోయే దారినే పోతుంది. ఆనకట్ట నదికి అడ్డంగా ఉంటుంది. తమిళుల ‘అణైకట్టు’ దీనికి తోబుట్టువే. ఇంగ్లీషు ఇంజనీర్ల నోట పడి అదే ‘అనికట్’ అయింది.

ధవళేశ్వరం దగ్గర 1847–52 మధ్య కాటన్ దొర కట్టించింది ఆనకట్ట. నీటిని నిలిపి, మట్టం పెంచి, కాలువలకు మళ్లించడం దాని పని. (ఇప్పుడున్నది గేట్ల బ్యారేజీ. అయినా జనం నోట ఆనకట్ట పోలేదు.) కరకట్ట నీటిని ఆపదు. పొమ్మంటుంది, ఊళ్లోకి మాత్రం రావద్దంటుంది. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు కానీ, అసలు టెన్షన్ దిగువన గట్ల మీద. ఇసుక బస్తాలు మోసేది అక్కడికే. నది మధ్య దీవుల్లాంటి లంకల వాళ్లకు ఆ ధీమా కూడా లేదు, వాళ్లు గట్టుకు నదివైపే ఉంటారు.

పత్రికల్లో ‘అవినీతికి ఆనకట్ట’ అని చూస్తుంటాం. ‘అవినీతికి కరకట్ట’ అని రాస్తే, రెండు గట్ల మధ్య దాన్ని సాఫీగా పారనిచ్చినట్టే!

ఇక ఏటిగట్టు. కరకట్ట అనే మాట కృష్ణ వైపు ఎక్కువ వినిపిస్తుంది. గోదారి వాళ్లకు ఏటిగట్టే అలవాటు. ‘ఏరు’కు ‘గట్టు’ చేరితే, ఊరు ‘ఊరి’ అయినట్టు కాక, నోరు ‘నోటి’ అయినట్టు ఏరు ‘ఏటి’ అవుతుంది. తెలంగాణలో గట్టంటే గుట్ట కూడా, అది వేరే సంగతి.

అబ్బాయిని ‘ఏటిగట్టుకు గండి పడి’ అని రాయమనండి. మాస్టారు మళ్లీ దిద్దితే తాతగారిని బడికి పంపండి.