చివరి పుస్తకం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు,

నీ సబ్ ఇన్‌స్పెక్టర్ హీరోగా వస్తున్న నవలల్లో చివరిదైన ఈ ఐదో పుస్తకం రాతప్రతి అందింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. కాకినాడ రేవు చాలా బాగా వచ్చిందమ్మా. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వెయ్యడం, నావలు సరుకు మోసుకెళ్లడం, కళాసీల కేకలు... అందులో ఒక్క ముక్క కూడా తీసేయకు.

ముగింపు మాత్రం ఒప్పుకోలేకపోయాను. 1923 డిసెంబరు, కాకినాడ కాంగ్రెస్ మహాసభ. నీ సబ్ ఇన్‌స్పెక్టర్ హంతకుడి చేత స్టేషన్లో నేరం ఒప్పించి, మర్నాడు యూనిఫాం విప్పేసి జనంలో కలిసిపోతాడు. కానీ పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో ముద్దాయి మీద చెల్లదు. అప్పట్లో అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది అదే. దొరలు తమ పోలీసులనే ఎందుకు నమ్మలేదో చూడు. 1855లో మద్రాసులో చిత్రహింసల మీద విచారించిన కమిషన్ రిపోర్టు ఉంది. శిస్తు కట్టలేని రైతుల్ని ఎండలో నడుం వంచి నిలబెట్టడం, చేతివేళ్లు కర్రల మధ్య పెట్టి నొక్కడం, అన్నీ అందులో ఉన్నాయి. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అది గుర్తొచ్చే నీ మొదటి పుస్తకం మళ్లీ తీశాను. అందులో కళాసీ మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటాడు. అలాగైతే చెల్లుతుంది, అక్కడ నీది కరెక్టే. అయితే అతను కుడిచెయ్యి తువ్వాలులో చుట్టుకుని నిలబడ్డాడని రాశావు. ఎందుకు చుట్టుకున్నాడో ఆ పుస్తకంలో లేదు, తర్వాతి మూడింట్లోనూ లేదు. అలవాటుగా రాసిన వర్ణనే కావచ్చు. నాకు మాత్రం నీ చివరి పుస్తకం ఆ తువ్వాలులోనే కనిపించింది.

మేజిస్ట్రేటు దగ్గరికి తెచ్చే ముందు రాత్రి ఆ కళాసీని స్టేషన్లో ఉంచారు. నీ హీరో ఇంటికెళ్లి పడుకున్నాడు. అక్కడ ఏం జరుగుతుందో అతనికి తెలుసా? తెలిసే వెళ్లిపోయాడా? కళాసీకి ద్వీపాంతరవాసం పడింది. అతని భార్య పదేళ్లుగా ఆ రేవులోనే గోనెసంచులు కుట్టుకుని బతుకుతుంటే? చివరి భాగం అనగానే అందరం ఇంకా పెద్ద విలన్ కోసం వెతుకుతాం. నీకు ఆ అవసరం లేదు. ఇన్నాళ్లూ పాఠకులు నమ్ముకున్న మనిషి మీదికే అనుమానం రానియ్యి. యూనిఫాం విప్పేసి అతను తప్పించుకోకూడదు. మహాసభను ఉంచు. అక్కడ అతను బందోబస్తు డ్యూటీలో నిలబడి ఉండగా ఆమె ఎదురుపడాలి. దయచేసి కాళ్ల మీద పడి క్షమాపణ అడిగే సీను మాత్రం పెట్టకు.

గడువు దగ్గరపడిందని టెన్షన్ పడకు. ముందు ఆ రాత్రి స్టేషన్ డైరీలో రైటరు, అంటే స్టేషన్ గుమాస్తా, ఏం రాశాడో నాలుగు లైన్లు రాసి నాకు పంపు. ముద్దాయిని ఎన్నింటికి లోపల వేశారు, డ్యూటీలో ఎవరున్నారు, తెల్లారి ఎన్నింటికి బయటికి తెచ్చారు. మధ్యలో ఏమీ రాయకుండా వదిలేసిన గంటలు కూడా నాకు కనపడాలి.

ఇట్లు,
మీ మాస్టారు